125 పాయింట్లు, గురి తప్పిన ఒక్క కిక్

డిసెంబరు 19, రాత్రి

పొద్దున కూరగాయలు, మధ్యాహ్నం బట్టలు ఉతకడం, సాయంత్రం నుంచి పాత మ్యాచ్ రికార్డింగు, పక్కన నోట్‌బుక్కు. తారీఖు 19 కాబట్టి ఏ మ్యాచ్ చూడాలా అని వెతుక్కోనక్కర్లేదు. 2001లో ఇదే రోజున అలబామా రాష్ట్రం మొబీల్ నగరంలో, లాడ్-పీబుల్స్ స్టేడియంలో జీఎంఏసీ బౌల్ జరిగింది. ఆడినవి రెండు కాలేజీల జట్లు: మార్షల్ 64, ఈస్ట్ కరోలినా 61. స్కోరు సమమైతే ఆడే అదనపు ఆటలు, అంటే ఓవర్‌టైమ్‌లు, రెండు పట్టాయి. ఇద్దరివీ కలిపితే 125. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ బౌల్ మ్యాచ్‌ల రికార్డు అది.

అమెరికాలో కాలేజీ సీజను అయిపోయాక, బాగా ఆడిన జట్లను డిసెంబరు, జనవరి నెలల్లో జరిగే బౌల్స్‌కు పిలుస్తారు. వాటిలో పెద్దవీ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి. ఇది చిన్న బౌలే. కానీ ఈ రెండు కాలేజీల మధ్య మాత్రం చిన్నదేమీ లేదు. 1970 నవంబరు 14న మార్షల్ జట్టు గ్రీన్‌విల్‌లో ఈస్ట్ కరోలినా మీద 17-14తో ఓడి, తిరుగు ప్రయాణంలో వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ దగ్గర విమానం కూలిపోయింది. అందులో ఉన్న 75 మందిలో ఒక్కరూ బతకలేదు. మొబీల్‌లో ఎదురెదురుగా నిలబడ్డది ఆ రెండు కాలేజీలే. ఆ సంగతి తెలిసి చూస్తే ఈ స్కోరుబోర్డు మామూలుగా కనిపించదు.

ఇక నోట్‌బుక్కు. ఎక్కువ పాయింట్ల మ్యాచ్‌ను అర్థం చేసుకోవాలంటే స్కోరు చూస్తే చాలదు, డ్రైవ్ చార్ట్ రాయాలి. బంతి చేతికొచ్చిన ప్రతిసారీ (దాన్నే డ్రైవ్ అంటారు) ఒక గీత: ఏ యార్డు దగ్గర మొదలైంది, ఎన్ని ప్లేలు, అంటే ఎన్ని ప్రయత్నాలు, ఆడారు, గడియారంలో ఎంత సమయం పోయింది, చివరికి ఏమైంది. పాయింట్లకు వేరే మూడు గడులు: అఫెన్స్ (బంతితో ముందుకెళ్లేవాళ్లు) తెచ్చినవి, డిఫెన్స్ (వాళ్లను ఆపేవాళ్లు) లేదా కిక్ జట్టు తెచ్చినవి, ఓవర్‌టైమ్‌లో వచ్చినవి. చాలామంది ఈ మూడింటినీ ఒకే కుప్పలో పోసి "డిఫెన్సే లేదు" అనేస్తారు. ఈ మ్యాచ్‌కు ఆ మాట అస్సలు నప్పదు. విరామం తర్వాత ఆటను తిప్పింది మార్షల్ డిఫెన్సే.

విరామానికి ఈస్ట్ కరోలినా 38, మార్షల్ 8. తేడా 30. బంతితో ఎదుటివాళ్ల గోల్ గీత దాటితే టచ్‌డౌన్, దానికి 6, తర్వాత కిక్ వేస్తే 1, కిక్ మానేసి మూడు యార్డుల దూరం నుంచి మళ్లీ గీత దాటిస్తే 2. అంటే ఒక్కసారి గీత దాటినందుకు దక్కే గరిష్ఠం 8. మూడుసార్లు దాటి, మూడుసార్లూ రెండేసి తెచ్చుకున్నా 24 దగ్గరే ఆగిపోతారు. కాబట్టి కనీసం నాలుగుసార్లు స్కోరు చేసి తీరాలి, అదీ ఎదుటి జట్టు ఒక్క పాయింటూ చేయకపోతేనే. కానీ ఈస్ట్ కరోలినా రెండో సగంలో ఇంకో 13 చేసింది. 51ని అందుకోవడానికి మార్షల్‌కు 30 నిమిషాల్లో 43 కావాలి. సరిగ్గా 43 చేశారు.

వాటిలో మొదటి రెండు టచ్‌డౌన్‌లు చేసింది డిఫెన్స్. మూడో క్వార్టర్ మొదట్లోనే ఈస్ట్ కరోలినా పాసులు రెండింటిని మార్షల్ ఆటగాళ్లు మధ్యలో అందుకుని ఎండ్‌జోన్ (గోల్ గీత అవతలి పట్టీ) దాకా పరిగెత్తారు. దీన్ని పిక్-సిక్స్ అంటారు. వెనకబడ్డ జట్టుకు ఇంతకంటే మేలు చేసేది ఇంకోటి లేదు. పాయింట్లతో పాటు సమయం కూడా మిగులుతుంది. మామూలు టచ్‌డౌన్‌కు డెబ్బై ఎనభై యార్డులు నడవాలి, రెండు మూడు నిమిషాలు పోతాయి. పిక్-సిక్స్‌కు పది పదిహేను సెకన్లు. ఇబ్బంది ఒక్కటే. కిక్-ఆఫ్ తర్వాత బంతి మళ్లీ ఎదుటివాళ్లకే పోతుంది, అలిసిపోయిన డిఫెన్స్ మళ్లీ మైదానంలోకి రావాలి. ఇలాంటి మ్యాచ్‌లలో చివరి క్వార్టర్‌లో టాకిళ్లు (బంతి పట్టినవాణ్ని పడగొట్టే పట్లు) జారిపోవడానికి ఇదొక కారణం.

ఆ తర్వాతంతా మార్షల్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరేవాడు, బైరన్ లెఫ్ట్‌విచ్. 70 పాసులు వేసి 41 అందించాడు, 576 యార్డులు, 4 టచ్‌డౌన్‌లు. ఇందులో చేరని ఆ 29 పాసుల లెక్క చాలామంది వదిలేస్తారు. పాసు నేల మీద పడితే గడియారం ఆగుతుంది. మైదానం మధ్యలో పడిపోతూ పరిగెత్తే జట్టుకైతే ఒక్కో ప్లేకి అర నిమిషం దాకా కరిగిపోతుంది. పైగా 2001లో ప్రతి ఫస్ట్ డౌన్‌కూ (పది యార్డులు గెలిచి కొత్త ప్రయత్నాలు దక్కినప్పుడు) కొలత గొలుసులు సర్దేదాకా గడియారం ఆపేవాళ్లు. 2023 నుంచి కాలేజీల్లో ఆ సౌకర్యం ప్రతి సగంలో చివరి రెండు నిమిషాలకే మిగిలింది. ఇప్పుడైతే ఇన్ని డ్రైవ్‌లు ఒక మ్యాచ్‌లో పట్టడం కష్టం.

ఎదుటి క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ గరార్డ్. తర్వాత ఇద్దరూ అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో ఒకే జట్టుకు వెళ్లారు, జాక్సన్‌విల్ జాగ్వార్స్. 2007 సీజను ముంగిట లెఫ్ట్‌విచ్‌ను వదిలేసి గరార్డ్‌కు పగ్గాలిచ్చింది ఆ జట్టు. మొబీల్‌లో గెలిచింది ఒకరు, అక్కడ చోటు దక్కింది ఇంకొకరికి.

ఈ పూట రికార్డింగును ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది ఒక్క చోటే. ఇంకా 7 సెకన్లుండగా లెఫ్ట్‌విచ్ 11 యార్డుల పాసును డారియస్ వాట్స్ అందుకున్నాడు, స్కోరు 51-51. ఇక ఎక్స్‌ట్రా పాయింటు (టచ్‌డౌన్ తర్వాతి కిక్) వేస్తే ఆట దాదాపు ముగిసినట్టే. కిక్ తప్పింది.

కాలేజీలో ఈ కిక్‌కు బంతి మూడు యార్డుల గీత మీద ఉంటుంది. స్నాపర్ కాళ్ల సందులోంచి ఏడు యార్డులు వెనక్కి విసురుతాడు, హోల్డర్ అక్కడ నిలబెడతాడు. వెనక్కి ఏడు, ముందు మూడు, ఎండ్‌జోన్ పది, మొత్తం 20 యార్డులు. గోల్ కంబాల మధ్య ఎడం 18 అడుగుల 6 అంగుళాలు, అడ్డ కర్ర ఎత్తు 10 అడుగులు. ఈ కిక్ గురి తప్పేది దూరం వల్ల కాదు, సమయం వల్ల. స్నాప్ నుంచి కాలు తగిలే దాకా సుమారు 1.3 సెకన్లు. అంతకంటే ఆలస్యమైతే అంచుల నుంచి దూకేవాళ్లు చేతులు అడ్డం పెడతారు. ఆ కాస్త సమయంలో స్నాప్ ఎత్తుగానో పక్కకో వస్తే హోల్డర్ చేతులు చాచాల్సి వస్తుంది, కిక్కర్ అడుగు తడబడుతుంది. బంతి కుట్లు కంబాల వైపు తిరిగి ఉండాలి. పక్కకు తిరిగితే బంతి ఆ వైపుకే లాగుతుంది. ఆనించిన కాలి వేళ్లు ఎటు చూస్తే తుంటి అటు తిరుగుతుంది, బంతీ అటే పోతుంది. కిక్కర్‌ను తిట్టేముందు ఈ ముగ్గురి పనీ విడివిడిగా చూడాలి. ఎక్కువసార్లు లోపం కాలి దగ్గర కాదు, చేతుల దగ్గర మొదలవుతుంది.

ఆ కిక్ పడి, మిగిలిన 7 సెకన్లలో ఇంకేమీ జరక్కపోయుంటే స్కోరు 52-51, మొత్తం 103. పెద్దదే, కానీ 125 కాదు. తప్పిన ఆ ఒక్క పాయింటు వల్ల రికార్డు పుస్తకంలోకి 22 అదనంగా చేరాయి.

ఓవర్‌టైమ్ అంటే మన క్రికెట్ సూపర్ ఓవర్ లాంటిదే, చెరో అవకాశం. బంతిని ఎదుటివాళ్ల 25 యార్డుల గీత దగ్గర పెట్టిస్తారు. ఒక్క అంగుళం ముందుకు పోకపోయినా అక్కడి నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని కంబాల మధ్యకు తన్ని 3 పాయింట్లు తెచ్చుకోవడం) దూరం 42 యార్డులే. అందుకే ఇక్కడ పాయింట్లు ఇంత చవక. టాస్ గెలిచినవాళ్లు ఎక్కువగా మొదట డిఫెన్స్‌నే కోరుకుంటారు, ఎన్ని కావాలో తెలుసుకుని బరిలోకి దిగడానికి. మొదటి ఓవర్‌టైమ్‌లో ఇద్దరూ ఏడేసి చేశారు, 58-58. రెండో దాంట్లో ఈస్ట్ కరోలినా ముందు దిగి ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకుంది, 61-58. మూడు చాలవని, ఆరు వస్తే ఆట అయిపోతుందని మార్షల్‌కు తెలుసు. జాష్ డేవిస్‌కు 8 యార్డుల పాసు. ఆట అయిపోయింది కాబట్టి ఆఖరి టచ్‌డౌన్‌కు కిక్ వేయలేదు. అందుకే స్కోరు 65 కాదు, 64.

ఇప్పటి నియమాలు వేరు. 2021 నుంచి రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేస్తే కిక్ లేదు, రెండు పాయింట్ల ప్రయత్నం తప్పనిసరి. మూడో ఓవర్‌టైమ్ నుంచి డ్రైవే ఉండదు, చెరో రెండు పాయింట్ల ప్లే. ఇద్దరూ సాధించినా ఆ ఓవర్‌టైమ్‌కు చేరేది నాలుగే. ఎన్ని ఓవర్‌టైమ్‌లు సాగినా మొత్తం మునుపటిలా ఉబ్బదు. ఆటగాళ్ల ఒళ్లు కాపాడడానికి ఇది మంచి మార్పు. రెండో ఓవర్‌టైమ్ దాటాక ఒక్కో లైన్‌మన్ (ముందు వరస ఆటగాడు) ఎలా నడుస్తున్నాడో చూస్తే ఎవరూ కాదనరు.

చార్ట్ చివర వేసిన కూడిక: మామూలు ఆటలో 102, ఓవర్‌టైమ్‌లలో 23. పక్కన పెట్టి చూడాల్సింది 2011 డిసెంబరు 29 నాటి అలామో బౌల్, బేలర్ 67, వాషింగ్టన్ 56. ఓవర్‌టైమ్ లేకుండానే 123. నా దృష్టిలో అఫెన్స్ పరంగా అదే పెద్ద మ్యాచ్. దాని చార్ట్‌కు రెండు గడులే గీసి ఉంచాను, రేపు సాయంత్రానికి.