దొంగలు కూడా నా మాటలే మాట్లాడతారు

అమెరికాలో నాది కంప్యూటర్ హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. ఒహాయోలోని ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్లు, ఆఫీసు సిబ్బంది, రిటైరయ్యాక కూడా యూనివర్సిటీ ఈమెయిలే వాడుకునే పెద్దవాళ్ళు, వీళ్ళ కంప్యూటర్ మొరాయిస్తే మాకు టికెట్, అంటే ఫిర్యాదు, పెడతారు. మేం ఫోన్ చేసి, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ స్క్రీన్ మా దగ్గర తెరిచి బాగుచేస్తాం. "నేను టెక్నికల్ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాను. మీరిప్పుడు కంప్యూటర్ ముందున్నారా?" రోజంతా నా నోట్లో నానే మాట ఇదే. అచ్చం ఇదే మాటతో ఈ దేశంలో ముసలివాళ్ళను నిలువునా దోచుకుంటున్నారు. దోచుకునేవాళ్ళలో చాలామంది గొంతు, యాస నావే.

హనుమకొండ నయీంనగర్‌లో పుట్టి పెరిగిన నాలుక ఇది. ఎంత తిప్పినా 'వి'కి, 'డబ్ల్యూ'కి తేడా పలకదు. ఒక రిటైర్డ్ హిస్టరీ ప్రొఫెసరమ్మ పొద్దున తానే టికెట్ పెట్టింది. మధ్యాహ్నం ఫోన్ చేశాను. పేరు చెప్పగానే అటు కాసేపు మాట లేదు. "ఎక్కడినుంచి చేస్తున్నావు?" అంది. లైబ్రరీ బిల్డింగ్ రెండో అంతస్తు నుంచి అన్నాను. "అది కాదు, నిజంగా ఎక్కడినుంచి?" అని, జవాబు వినకుండానే పెట్టేసింది. అదే టికెట్ మీద నా పక్క సీటు అమ్మాయి చేసింది. పుట్టింది, పెరిగింది అంతా ఒహాయోలోనే. పది నిమిషాల్లో పని అయిపోయింది, థాంక్యూ కూడా వచ్చింది.

కడుపు మండలేదని చెప్పను. కానీ ఆవిడ చేసిన దాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఎవరో ఫోన్ చేసి నీ కంప్యూటర్ తెరవనియ్యి అంటే పెట్టేయాల్సిందే.

ఈ దొంగల పని ఎలా సాగుతుందో నాకు బాగానే తెలుసు, ఎందుకంటే వాళ్ళు చూపించేవన్నీ నేను రోజూ చూసేవే. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి ఉంటుంది. లోపల జరిగే ప్రతి చిన్న విషయాన్ని కంప్యూటర్ అక్కడ రాసిపెట్టుకుంటుంది. ఏదో ప్రోగ్రాం ఒక క్షణం ఆలస్యంగా తెరుచుకున్నా పసుపు గుర్తు, ఎర్ర గుర్తు పడతాయి. నిన్న కొన్న కొత్త కంప్యూటర్‌లోనూ అవి కుప్పలుగా ఉంటాయి. అది తెరిపించి, "చూశారా, ఇవన్నీ వైరస్‌లే" అంటారు. పుట్టుమచ్చను చూపించి ప్రాణాంతక రోగమని భయపెట్టడమే ఇది.

ఇంకోటి ఉంది. నల్లటి కమాండ్ విండోలో 'అసోక్' అని కొట్టమంటారు. బారెడు జాబితా వస్తుంది. చివర్లో 888డీసీఏ60తో మొదలయ్యే పొడుగాటి నంబరు కనబడుతుంది. "ఇది మీ కంప్యూటర్ లైసెన్స్ నంబరు, ఈ ప్రపంచంలో మీ ఒక్కరికే ఉంటుంది, నేను చదువుతాను, సరిచూసుకోండి" అని అంకె అంకె చదువుతారు. కలుస్తుంది. కలవకేం చేస్తుంది, విండోస్ ఉన్న ఏ కంప్యూటర్‌లో కొట్టినా అదే నంబరు వస్తుంది. 'నెట్‌స్టాట్' కొట్టిస్తే ఒక వరుస మీద 'ఫారిన్ అడ్రస్' అని ఉంటుంది. ఇంటర్నెట్‌లో అవతలి వైపు ఉన్న కంప్యూటర్ అని మాత్రమే దానర్థం. వీళ్ళేమో విదేశీ హ్యాకర్లు మీ ఇంట్లో దూరారంటారు. ఇందులో ఒక్క అబద్ధపు బొమ్మ లేదు, అన్నీ నిజం బొమ్మలే. అబద్ధమంతా మాటలోనే.

ఆ తర్వాత దూరం నుంచి కంప్యూటర్ నడపనిచ్చే టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటిది పెట్టించి లోపలికి వస్తారు. అవి మంచి ప్రోగ్రాములే, మేమూ అలాంటిదే వాడతాం. డబ్బు దగ్గరికి వచ్చేసరికి గిఫ్ట్ కార్డులు కొనుక్కురమ్మంటారు. ఏ గవర్నమెంటుగానీ, ఏ కంపెనీగానీ గిఫ్ట్ కార్డు నంబర్లు చదివించి ఫీజు వసూలు చేయదు. ఒక్క ఈ మాట తెలిసినా చాలామంది బయటపడేవాళ్ళు. ఇదేం కొత్త దందా కాదు. 2012లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ముఠాల మీద ఆరు కేసులు వేసింది, చాలావరకు ఇండియా నుంచి నడిచేవే. అయినా 2023లో ఎఫ్‌బీఐ ఫిర్యాదుల కేంద్రానికి చేరిన టెక్ సపోర్ట్ నష్టాలు 92 కోట్ల డాలర్లు దాటాయి. సగానికి పైగా పోగొట్టుకున్నది 60 దాటినవాళ్ళే. సిగ్గుపడి పిల్లలకు కూడా చెప్పుకోనివాళ్ళు ఈ లెక్కలోకి రారు.

మా పక్క ఇంట్లో ఒక పెద్దాయన ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు ట్రక్కు నడిపేవాడు. ఓ శనివారం చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే వచ్చి మా తలుపు కొట్టాడు. పేకాట సైటు చూస్తుంటే స్క్రీన్ నిండా ఎర్ర బోర్డు పడిందట, సైరన్ మోగిందట, కింద నంబరు ఉంటే చేశాడట. నేను వెళ్ళేసరికి బాణం గుర్తు దానంతటదే కదులుతోంది. ముందు ఇంటర్నెట్ వైరు పీకేశాను. తర్వాత ఫోన్ తీసుకున్నాను. అటువైపు 'కెవిన్'. ఈ కెవిన్ ఏ ఊరివాడో రెండో మాటకే తెలిసిపోయింది. "భాయ్, ఏం పని ఇది?" అని హిందీలో అడిగాను. ఒక్క క్షణం ఆగి, అతనూ హిందీలోకి దిగాడు. "అక్కా, నువ్వెందుకు మధ్యలో వస్తున్నవ్? ఇవ్వాళ నా టార్గెట్ కాలేదు."

భయం లేదు, బుకాయింపు లేదు. టార్గెట్. మా ఆఫీసులో కూడా గోడ మీద టీవీలో ఎవరు ఎన్ని టికెట్లు మూసేశారో పడుతూ ఉంటుంది.

పెద్దాయన అదృష్టం, ఇంకా డబ్బు దాకా రాలేదు. బ్యాంకుకు కార్డు వెనకున్న నంబరు చూసి ఆయనతోనే ఫోన్ చేయించాను, పాస్‌వర్డులు నా ఫోన్‌లోంచి మార్పించాను, వాళ్ళు పెట్టిన ప్రోగ్రాం తీసేసి విండోస్ మొత్తం మళ్ళీ కొత్తగా ఎక్కించాను. ఆ ఎర్ర బోర్డు కూడా వట్టి వెబ్‌పేజీనే, స్క్రీన్ నిండా పరుచుకుందంతే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కిపట్టి ఆ పేజీని మూసేసినా, కంట్రోల్-షిఫ్ట్-ఎస్కేప్ కొట్టి బ్రౌజర్‌ను ఆపేసినా పోతుంది. మైక్రోసాఫ్ట్ నిజంగా ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండనే ఉండదు.

ఇక్కడి తెలుగువాళ్ళ పార్టీల్లో ఈ కథ చెప్తే అందరూ నవ్వుతారు. ఇలాంటి దొంగలను ఫోన్‌లో గంటలకొద్దీ ఆడించి వీడియోలు పెట్టేవాళ్ళున్నారు, అవి చూసి నవ్వుకోవడం ఇప్పుడు ఒక కాలక్షేపం. దొంగ టైం వృథా అయితే నాకేం బాధ లేదు. కానీ సగం వీడియోల్లో నవ్వు యాస మీదికి మళ్ళుతుంది. సోమవారం పొద్దున అదే యాసతో ఫోన్ ఎత్తాల్సింది నేను.

దీనికి దారి మా అమ్మ చూపించింది, తనకు తెలియకుండానే. "బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ ఆఫీసరుకు ఫోన్ చేయండి" అని అమ్మకు మెసేజ్ వచ్చింది. ఇండియాలో వేలమందికి వచ్చిన మెసేజే. ఫోన్ చేస్తే స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించి, పది రూపాయలు కట్టమని, ఆ పది కట్టేటప్పుడు మీ పిన్ను, ఓటీపీ చూసి ఖాతా ఊడ్చేస్తారు. ఎనీడెస్క్‌తో ఇలా జరుగుతోందని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అమ్మకు ఇవేవీ తెలియవు. బిల్లు కాగితం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి నక్కలగుట్టకు పోయింది. ఉత్తర తెలంగాణకంతా కరెంటిచ్చే సంస్థ హెడ్డాఫీసు అక్కడే. గేటు దగ్గరున్నాయన బిల్లు చూసి, "కట్టే ఉంది గదమ్మా, అది దొంగ మెసేజ్" అని పంపించేశాడట. నాకు ఫోన్‌లో చెప్పింది ఆటోవాడు వంద తీసుకున్నాడన్న ఫిర్యాదు మాత్రమే. "ఫోన్ చేయలేదా?" అంటే, "ఆఫీసు మనూర్లనే ఉండంగ ఫోనెందుకే బిడ్డా?" అంది.

ఆ తర్వాత నేను ఫోన్ చేసే పద్ధతి మార్చుకున్నాను. పేరు, టికెట్ నంబరు చెప్పి, "నన్ను నమ్మాల్సిన పని లేదు. పెట్టేసి, మీ ఐడీ కార్డు వెనకున్న నంబరుకు మీరే చేయండి" అంటాను. దీనివల్ల ఒక్కో టికెట్‌కు ఎక్కువ సమయం పడుతోందని సూపర్‌వైజర్ మొదట్లో గొణిగాడు. తర్వాత పెద్దవాళ్ళకు అందరం ఇదే చెప్పాలని రూలు పెట్టాడు. ఒక్కోసారి వాళ్ళు అటునుంచి చేస్తే క్యూలో తిరిగి నాకే తగులుతుంది. "మళ్ళీ నువ్వేనా!" అని నవ్వుతారు, ఆ నవ్వుతో సగం పని అయిపోతుంది.

హనుమకొండలో మా చిన్నాయన కొడుకు సంగతి ఇంత తేలిగ్గా తెమల్లేదు. హసన్‌పర్తి వైపు కాలేజీలో బీటెక్ చేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. ఒకరోజు వాట్సాప్‌లో, "అక్కా, జాబ్ వచ్చింది. మాదాపూర్ల. యూఎస్ ప్రాసెస్, నైట్ షిఫ్ట్. క్యాబు, తిండి వాళ్ళదే. నెలకు ముప్పై, పైన ఇన్సెంటివ్" అన్నాడు. కంపెనీ పేరడిగితే ఒక్కో కాగితం మీద ఒక్కో పేరుందన్నాడు. జీతం చేతికిస్తారట. లోపలికి పోయేటప్పుడు ఫోన్లు లాకర్లో పెట్టించారట. తనకు 'ర్యాన్' అని పేరు పెట్టారట.

"ఏం మాట్లాడమన్నరు రా?"

"ఏం లేదక్కా. వాళ్ళ కంప్యూటర్ల ఎర్ర గుర్తులు చూపియ్యాలె. భయపడితే సీనియర్‌కు లైన్ ఇయ్యాలె."

వద్దని చెప్పాను. గంటలో చిన్నాయన ఫోన్. "నువ్వు చేసేదీ గదే పని కదనే? నువ్వు చేస్తే ఉద్యోగం, వాడు చేస్తే దొంగతనమా?" వెటకారం కాదు, ఆయనకు నిజంగానే తేడా తెలియదు. ముందు వాళ్ళే మాకు టికెట్ పెడతారని, నేను ఎవరినీ ఒక్క డాలరు అడగనని చెప్పాను. విన్నాడు, ఒప్పుకోలేదు. ఏసీ గదిలో కూర్చుని చేసే పని కొడుకు చేతికొచ్చి జారిపోతుంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు?

తమ్ముడు మాత్రం రెండు రోజుల ట్రైనింగ్ తర్వాత కాజీపేటలో రైలు దిగాడు. 2025 మార్చిలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో మాదాపూర్‌లో అమెరికావాళ్ళను మోసం చేస్తున్న ఒక కాల్ సెంటర్ మీద దాడి చేసి అరవై మందికి పైగా అరెస్టు చేసింది. వీడు పోయింది అదేనో కాదో నేను అడగలేదు. ఆ నెలలోనే మయన్మార్ సరిహద్దులోని మోసాల క్యాంపుల్లో చిక్కుకున్న ఐదువందల మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్ళలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు, వాళ్ళనూ మంచి ఉద్యోగమనే తీసుకుపోయారు. ఆ వార్త చదివాక చిన్నాయన ఈ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న తమ్ముడికి మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ అయింది. కంప్యూటర్ సపోర్టే, అసలుది. కస్టమర్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడి చూపించమంటే తడబడకుండా మాట్లాడాడట. "ఎట్ల వచ్చిందక్కా అంటే, ఆ రెండు రోజులు మస్తు ప్రాక్టీస్ చేయించిన్రు" అని నవ్వాడు. తర్వాత, అది రెజ్యూమెలో రాయాలా వద్దా అని అడిగాడు. వద్దన్నాను.