ముళ్ల బల్లికి చీమలు ఎక్కడినుంచి తెస్తం?

మధ్యాహ్నం భోజనాలయ్యాక జువాలజీ ల్యాబ్‌లో పిల్లలతో ప్రాజెక్టు ముందేసుకుని కూర్చున్నాను. పాలమూరులో ఒక జూ కడితే అందులో ఆస్ట్రేలియా జంతువుల విభాగం ఎట్లుండాలన్నది వాళ్లు ఎంచుకున్న అంశం. కాగితం మీది జూనే. అయినా రేపే కొబ్బరికాయ కొట్టబోతున్నట్టు వాదులాడుకున్నారు. నాకు అదే నచ్చింది.

కంగారూల దగ్గరే చాలాసేపు పట్టింది. "మనకాడ జొన్నచొప్పకేం కరువు సార్, అదే ఏస్తే అయిపాయె" అన్నాడు మక్తల్ పిల్లగాడు. మోటు మేత చిగుళ్లలో గుచ్చుకుంటే పుండు పడుతుంది, పేడ కలిసిన నేలలోని సూక్ష్మజీవులు అందులో చేరితే దవడ ఎముక దాకా కుళ్లుతుంది, జూ కంగారూలకు ఇది పాత శత్రువని చెప్పాను. కాబట్టి మెత్తటి గడ్డి, నేలకు ఎత్తుగా తొట్లు, రోజూ శుభ్రం చేసే ఆవరణ. ఎండ గురించి నాకంత దిగులు లేదు. ఎర్ర కంగారూలు ముంజేతులు నాకి తడుపుకుంటాయి, అక్కడ చర్మం కిందే రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి, తడి ఆరేకొద్దీ ఒళ్లు చల్లబడుతుంది. దట్టమైన నీడ, నీళ్లు ఉంటే మన మే నెలను తట్టుకుంటాయనే నా నమ్మకం. నా భయమంతా వీధికుక్కల గురించే. రాత్రి కంచె పక్కన మొరిగితే కంగారూలు బెదిరి పిచ్చిగా పరుగెత్తుతాయి. పైకి గాయం కనబడకపోయినా, ఆ పరుగుకే కండరాలు దెబ్బతిని తర్వాత చనిపోవచ్చు. అందుకే రెండు వరసల కంచె గీయించాను.

కోలా వద్దన్న మాట తొందరగానే తేలింది. అది తినే యూకలిప్టస్ జాతుల్లో ఒకటి మన జామాయిల్ తోటల్లోనూ ఉంది, కానీ ఒక్క రకంతో దాని కడుపు నిండదు, ఏడాది పొడవునా రకరకాల లేతాకు కోసి తేవాలి. ఈముకు ఎవరూ అడ్డు చెప్పలేదు. గుడ్ల మీద ఎనిమిది వారాలు తిండీ నీళ్లూ దాదాపు మానేసి కూర్చునేది మగపక్షి అని చెబితే ఆడపిల్లలంతా ఒకేసారి నవ్వారు.

అసలు పేచీ థార్నీ డెవిల్ దగ్గర వచ్చింది. జానెడు కూడా ఉండని ఎడారి బల్లి, ఒళ్లంతా ముళ్లు. అది చీమల బారు పక్కన నిలబడి ఒక్కొక్కదాన్నే నాలుకతో అందుకుంటుంది, రోజుకు వెయ్యికి పైగా తినగలదు. అదీ ఏ చీమ పడితే ఆ చీమ కాదు, ఎక్కువగా దాని నేలలో ఉండే కొన్ని జాతులే. "గా చీమలు మనం ఏడికెళ్లి తెస్తం సార్?" అంది అచ్చంపేట అమ్మాయి. తేలేం. పైగా ఆస్ట్రేలియా 1999 నాటి పర్యావరణ చట్టం కింద తన సొంత సరీసృపాలను ప్రాణాలతో అమ్మకానికి బయటికి పంపనివ్వదు. జూలకు జూలు ఇచ్చిపుచ్చుకోవడానికి కూడా కఠినమైన షరతులున్నాయి. ఆ షరతులు సరైనవేనని నేను గట్టిగా అనుకుంటాను.

అది నీళ్లు తాగే తీరు చెబుతుంటే మాత్రం ల్యాబ్ అంతా నిశ్శబ్దం. నీటి మడుగులో నిలబడినా, తడి ఇసుకను వీపు మీదికి చిమ్ముకున్నా చాలు, పొలుసుల మధ్య సన్నటి గాడుల వెంట నీరు తనంతట తానే పైకి పాకి నోటి మూల దాకా చేరుతుంది. అది విని అచ్చంపేట అమ్మాయే మళ్లీ అంది: "అట్లయితే బల్లిని పెట్టొద్దు సార్. ఖాళీ ఇసుక పెట్టె పెట్టి, నీళ్లు ఎట్ల ఎక్కుతయో చూపెడదాం. ఎందుకు తేలేదో బోర్డు మీద రాద్దాం." టికెట్ కొన్నోళ్లు ఊరుకుంటారా అని మిగతావాళ్లు ఎదురు తిరిగారు. నేను ఆ అమ్మాయి వైపే నిలబడ్డాను. తిండి పెట్టలేని జీవిని తెచ్చి నెలల్లో చంపుకోవడం కన్నా ఆ ఖాళీ పెట్టె వెయ్యి రెట్లు నయం.

పక్కనే మన ఊసరవెల్లిని ఉంచుదామన్నారు. నల్లమల అంచు ఊళ్లలో కంచెల మీద కనబడేదే. దాన్ని సాకడమూ తేలిక కాదు. గిన్నెలో నిలిచిన నీళ్లను సాధారణంగా పట్టించుకోదు, ఆకుల మీద వేలాడే చుక్కలను నాకుతుంది. కాబట్టి తుంపర పడుతుండాలి, తేమ నిలవకుండా గాలీ ఆడాలి. గాజు అద్దం పెడితే ఎండ వస్తుంది గానీ ఎముకలు గట్టిపడటానికి కావలసిన యూవీ-బి కిరణాలు దాదాపు రావు. పాలమూరులో ఎండకు కొదవలేదు కదా అని గాజుగది గీసిన పిల్లగాడి చేత దాన్ని జాలీగా మార్పించాను.

ఊసరవెల్లి సంగతి ఇంకా తెగలేదు. అడవిలోంచి పట్టి తెచ్చేందుకు నేను ఒప్పుకోను. గాయపడి అటవీశాఖ వాళ్ల చేతికి వచ్చి, తిరిగి వదిలే వీలు లేనివైతేనే ఉంచాలని ప్రాజెక్టులో రాయమన్నాను. ఖాళీ పెట్టె కోసం మక్తల్ పిల్లగాడు రేపు వాగు ఇసుక తెస్తానన్నాడు, నీళ్లు ఎక్కేది చూపడానికి సన్నటి గాజు గొట్టాలు ల్యాబ్‌లోనే ఉన్నాయి.