గొర్రెల నట్టలకు ఆకు ముద్ద: కొలిచి, పెట్టి, మళ్లీ కొలిచిన నా అనుభవం

నట్టలకు, అంటే గొర్రె కడుపులో పెరిగే పురుగులకు, నాటు మందు పనిచేస్తుందా అని అడిగేవాళ్లను నేను ఎదురు అడిగేది ఒకటే: పెట్టకముందు పేడ పరీక్ష చేయించారా, పెట్టాక చేయించారా? రెండూ లేనప్పుడు పనిచేసిందనడానికీ లేదు, చేయలేదనడానికీ లేదు. వానలు మొహం చాటేస్తే నట్టలు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం మనం పెట్టిన ముద్దకు వస్తుంది. దక్కని గొర్రెల మందలో వానాకాలమంతా ఆకు మందు పెడుతూ, పేడలో పురుగు గుడ్లు లెక్కపెట్టుకుంటూ నేను నడిపే పద్ధతి ఇది.

పాలమూరు వైపు వానాకాలంలో గొర్రెను పడగొట్టే పురుగుల్లో మొదటిది హీమాంకస్. ఇది నాలుగో పొట్టలో ఉంటుంది. కోసినప్పుడు చూస్తే ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు కనబడేది ఆడ పురుగు. ఎరుపు అది తాగిన రక్తం, తెలుపు దాని గుడ్ల సంచి. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం లాగుతుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మి.లీ. పోయినట్టే. 25 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తం మొత్తం లీటరున్నర. ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా, తడిగా ఉంటే వారంలోపే పిల్ల పురుగులు గడ్డి ఎక్కుతాయి. గొర్రె వాటిని మేసిన మూడు వారాలకు మళ్లీ గుడ్లు మొదలు.

చాలామంది పారుడు కోసం ఎదురుచూస్తారు. ఈ పురుగుకు పారుడు ఉండదు. పెంటికలు గట్టిగానే పడుతుంటాయి, గొర్రె మాత్రం మంద వెనక నడుస్తుంది, ఒకరోజు దవడ కింద నీరు దిగుతుంది. అందుకే నేను తోక కింద కాదు, కంట్లో చూస్తాను.

కన్ను చూడటం అందరూ చేస్తారు, సరిగ్గా చూసేవాళ్లు తక్కువ. ఒక బొటనవేలితో పై రెప్పను మూసి కనుగుడ్డును మెల్లగా లోపలికి అదమాలి. రెండో బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర పొంగి పైకి వస్తుంది. చూడాల్సింది ఆ పొర మధ్య భాగాన్ని. రెప్ప అంచును కాదు, తెల్లగుడ్డును అసలే కాదు. ఎండ వెలుతురులో, మన నీడ పడకుండా చూడాలి. తేల్చడం కూడా క్షణంలో తేల్చాలి, ఎక్కువసేపు పట్టుకుంటే నలిగి ఎర్రబడుతుంది. కంటి పొర రంగుతో గొర్రెలో రక్తం ఎంతుందో అంచనా వేయడానికి దక్షిణాఫ్రికాలో తయారైన ఫామాచా కార్డు మీద ఐదు రంగులుంటాయి: 1 నిండు ఎరుపు, 5 కాగితం తెలుపు. రెండు కళ్లకూ తేడా వస్తే తెల్లటి కన్నే నా లెక్క. ఫోన్లో కార్డు బొమ్మ పెట్టుకుని పోల్చడం దండగ, తెర వెలుతురుకు రంగు మారిపోతుంది. వానలు పడుతున్నన్నాళ్లూ రెండు వారాలకోసారి మందంతా చూస్తాను.

కన్ను రెండు రకాలుగా మోసం చేస్తుంది. దుమ్ము కొట్టినా, కండ్లకలక వచ్చినా రక్తం లేని గొర్రెకు కూడా పొర ఎర్రగానే ఉంటుంది. ఇక తెల్లగా ఉన్నంత మాత్రాన హీమాంకస్ అని చెప్పలేం. కార్జపు జలగలున్నా (కాలేయంలో చేరే చదును పురుగులు), పిడుదులు పట్టినా, మేత చాలకపోయినా పొర పాలిపోతుంది. చెరువు శిఖంలో, అంటే నీరు తగ్గిన చెరువు నేలలో మేసే మందైతే ముందు జలగనే అనుమానించాలి, ఎందుకంటే జలగను మోసే నత్తలుండేది అక్కడే. జలగకు ఈ ముద్ద నేను పెట్టను.

1, 2 రంగుల గొర్రెలకు ఏమీ ఇవ్వను. 3 వస్తే ఆకు ముద్ద. 4, 5 వచ్చినా, దవడ కింద నీరు కనబడినా అదే రోజు డాక్టరు చెప్పిన ఇంగ్లీషు మందు. రక్తం అయిపోయిన గొర్రెకు ముద్ద పెట్టి మూడు రోజులు చూద్దాంలే అనుకోవడం దాన్ని చంపుకోవడమే. ఈ విభజనలో ఇంకో లాభం ఉంది. మందు సోకని పురుగులు మందలో కొన్ని మిగలాలి. అన్నిటికీ ఒకేరోజు అల్బెండజోల్ అనే ఇంగ్లీషు నట్టల మందు తాపితే బతికేవి ఆ మందుకు మొండికేసిన పురుగులే, గడ్డి నిండా వాటి సంతానమే పరుచుకుంటుంది.

ఇక పెంటికలు. నేల మీదివి ఏరకూడదు, ఏ గొర్రెవో తెలియదు, మట్టిలోని పురుగులూ కలుస్తాయి. తొడుగు వేసుకున్న వేలితో మలద్వారం లోపలి నుంచే తీసి, గాలి లేకుండా కవరు కట్టి, గొర్రె నంబరు రాసి అదే రోజు పశు వైద్యశాలకు చేరుస్తాను. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఉంచితే రోజు తిరిగేసరికి గుడ్లు పగిలి పిల్లలవుతాయి, లెక్క తక్కువ వస్తుంది, మనం సంబరపడతాం.

పరీక్ష సొంతంగా చేసుకునేవాళ్లకు కావాల్సినవి మైక్రోస్కోపు, మెక్‌మాస్టర్ స్లైడు (గుడ్లు లెక్కపెట్టడానికి గీతలు గీసిన రెండు గదుల పలక), టీ వడకట్టు, ఉప్పు. లీటరు వేడినీళ్లలో 400 గ్రాముల ఉప్పు వేసి కలపాలి, అడుగున కరగని ఉప్పు కాస్త మిగిలితే నీళ్లు సిద్ధమైనట్టు. చల్లారాక వాడాలి. 4 గ్రాముల పెంటికల్ని 56 మి.లీ. ఉప్పునీళ్లలో మెత్తగా నలిపి వడకట్టి, కలియబెడుతూనే స్లైడు రెండు గదులూ నింపుతాను. కలపడం ఆపితే గుడ్లు పైకి తేలిపోయి, పీల్చిన చుక్కలో ఉండవు. ఐదు నిమిషాలు ఆగి 10 రెట్ల కటకం కింద గీతల మధ్య ఉన్న గుడ్లు లెక్కపెట్టాలి. పైన సన్నటి పెంకు, లోపల ద్రాక్షగుత్తిలా కణాలు ఉన్న కోలగుడ్లే మనకు కావాల్సినవి. రెండు గదుల్లో వచ్చిన సంఖ్యను 50తో గుణిస్తే గ్రాముకు గుడ్ల లెక్క వస్తుంది. మూడు మూలల గుడ్లు బద్దెపురుగువి, వేరే రాసుకోవాలి. గొర్రెపిల్లల పేడలో ఇంకా చిన్నగా, గుండ్రంగా కనబడేవి కాక్సిడియావి. అది నట్ట కాదు, పేగుల్లో చేరే కంటికి కనబడని ఏకకణ జీవి. దానికి నట్టల మందు పనిచేయదు, ముద్ద కూడా అంతే. జలగ గుడ్లు బరువు, ఈ ఉప్పునీళ్లలో తేలవు. కాబట్టి ఈ పరీక్షలో సున్నా వచ్చినా జలగ లేదని కాదు. దానికి మామూలు నీళ్లలో కలిపి అడుగున పేరుకున్నది చూడాలి.

ముద్ద సంగతి. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) పాడి రైతులకు చెబుతున్న నట్టల ముద్దనే నేను వాడతాను. ఒక ఆవుకు ఒక రోజుకు: ఉల్లిగడ్డ 1, వెల్లుల్లి 5 రెబ్బలు, ఆవాలు 10 గ్రాములు, జీలకర్ర 10, మిరియాలు 5, పసుపు 5, కాకరకాయ 50, అరటి దూట 100, వేపాకు పిడికెడు, తుమ్మి ఆకు పిడికెడు, బెల్లం 150 గ్రాములు. గొర్రెకు బరువు లెక్కన పదో వంతు తీసుకుంటాను. అంటే ఈ కొలత పది గొర్రెలకు ఒక పూట వస్తుంది, ఒక్కోదానికి పెద్ద ఉసిరికాయలంత రెండు ముద్దలు.

తుమ్మి అన్నది వినాయక చవితికి వండుకునే తుమ్మికూర, తెల్లపూల మొక్క. తుమ్మ చెట్టు ఆకు కాదు. ఒక్క అక్షరం తేడాతో తుమ్మ మండలు నరుక్కొచ్చి నూరినవాళ్లున్నారు.

జీలకర్ర, మిరియాలు, ఆవాలు అరగంట నానబెట్టాలి. నానకపోతే మిరియం పలుకులుగా మిగిలి గొర్రె ఉమ్మేస్తుంది. నానినవాటిని ముందు నూరి, తర్వాత వెల్లుల్లి, ఉల్లి, కాకర, ఆకులు, చివర్లో దూట. దూట పీచును అడ్డంగా చక్రాలు కోసి వేలికి చుట్టి తీసేయకపోతే మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది. దాన్ని ముందు వేస్తే నీరు వదిలి అంతా జారుగా అవుతుంది. అలా అయితే గుప్పెడు తవుడు కలిపి గట్టిపరుస్తాను, నీళ్లు మాత్రం పోయను. బెల్లం ఆఖరున. ముద్ద చేశాక రాళ్లుప్పులో దొర్లించాలి. ఉప్పు నాలుకకు తగిలితే చేదు తెలిసేలోపే మింగేస్తుంది. రోజూ ఉదయం పరగడుపున, వరసగా మూడు రోజులు. మూడు రోజులదీ ఒకేసారి నూరిపెట్టుకుంటే రెండో రోజుకే బెల్లం పులిసి పొంగుతుంది, ఏ రోజుది ఆ రోజే నూరాలి.

పెట్టేటప్పుడు తల పైకెత్తొద్దు. ముక్కు కంటి కన్నా ఎత్తుకు పోతే మందు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నోటి పక్క పళ్లు లేని సందులోంచి వేలు పోనిచ్చి, బల్లపరుపుగా ఒత్తిన ముద్దను నాలుక ఉబ్బు వెనక పెట్టి దవడ మూసి గొంతు నిమరాలి. గుండ్రటి ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. పలచగా చేసి సీసాతో పోయడం ఇంకా ప్రమాదం. దగ్గు మొదలైతే వెంటనే తల వదిలేయాలి.

మళ్లీ పరీక్ష మొదటి ముద్ద పెట్టిన 14వ రోజున. అంతకన్నా ముందు చేస్తే, పురుగు చావకుండా గుడ్లు పెట్టడం మానినా మందు పనిచేసినట్టే కనబడుతుంది. అవే గొర్రెలు, అదే పద్ధతి. దాంతోపాటు 3 రంగు గొర్రెల్లోనే కొన్నిటికి ముద్ద పెట్టకుండా వదిలి, వాటి పెంటికలూ లెక్కించాలి. వీలైతే గుంపుకు పదేసి. వాటికి కన్ను వారానికోసారి చూడాలి, 4కు దిగితే పరీక్ష సంగతి తర్వాత, ముందు మందు. లెక్క ఇలా: ముద్ద తిన్న గుంపు సగటు 800 నుంచి 400కు దిగిందనుకుందాం, సగం తగ్గింది. తినని గుంపు కూడా 800 నుంచి 440కి దిగితే ముద్ద చేసింది దాదాపు ఏమీ లేదు, తగ్గించింది ఎండ. ఇంగ్లీషు మందుకు 95 శాతం తగ్గాలి, తగ్గకపోతే పురుగు మొండికేసిందని అనుమానించాలి. ఆకు ముద్ద ఆ 95 దరిదాపులకు రాదు. 3 రంగు గొర్రెలు 4కు జారకుండా కాస్త నిలిపితే నాకు అదే చాలు. తేడా రాని విడతలూ ఉంటాయి, అప్పుడు పద్ధతి పొడిగించకుండా ఆపేస్తాను.

ముద్ద కన్నా ఎక్కువ పనిచేసేది మేత. పిల్ల పురుగులు మంచు తడిలో గడ్డిపోచ ఎక్కుతాయి, ఎక్కువ భాగం నేల నుంచి 5 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. అందుకే మంచు ఆరాక తోలాలి, గడ్డి నేలకంటా కొరికే దాకా ఒకేచోట ఉంచకూడదు. గొర్రెలు మేసిన చోట తర్వాత పశువుల్ని మేపితే గొర్రె హీమాంకస్ పిల్లలు చాలావరకు వృథా అవుతాయి. నల్ల తుమ్మ మండలు, సుబాబుల్ కొమ్మలు ఎత్తులో కట్టి మేపితే రెండు లాభాలు: పైనున్న ఆకులో పురుగుండదు, ఆకులోని వగరు పదార్థం గుడ్లను కొంత తగ్గిస్తుంది. సుబాబుల్ మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి. వగరు మితిమీరితే మేత తగ్గిస్తాయి. ఈనిన గొర్రె పేడలో గుడ్లు ఎగబాకుతాయి, కాబట్టి ఈనడానికి ముందూ తర్వాతా వేరుశనగ చెక్క కాస్త ఎక్కువ పెడతాను. మాంసకృత్తులు అందిన గొర్రె పురుగును బాగా తట్టుకుంటుంది.

ఎవరు చెప్పినా చేయకూడనివి కొన్ని. మైలుతుత్తం (రాగి లవణం), పొగాకు కషాయం పాతకాలపు మందే, కానీ గొర్రె రాగిని తట్టుకోలేదు, కార్జంలో పేరుకుని ఒకరోజు హఠాత్తుగా ఎర్రమూత్రం పోసి చస్తుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, నూరే మనిషికి కూడా. నట్టలకు వాడే నాటు గింజలైన వాయువిడంగాలు చూడి గొర్రెలకు, విత్తనపు పొట్టేలుకు పెట్టను. అల్బెండజోల్ కూడా పొట్టేలు దాటిన (జత కట్టిన) మొదటి నెలలో తాపకూడదు. ఇంగ్లీషు మందు కంటి అంచనాతో పోసి తక్కువ మోతాదు ఇవ్వడం మొండి పురుగుల్ని మనమే పెంచడం, త్రాసు మీద తూచాలి. మేకకు గొర్రె మోతాదు చాలదు, డాక్టరును విడిగా అడగాలి.

మంద కుక్కకు ఈ ముద్ద పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి, పిల్లికి ఇంకా చెడ్డవి. కానీ కుక్కను వదిలేయడానికీ లేదు. దాని బద్దెపురుగు గుడ్లు గడ్డి మీద పడి గొర్రె మెదడులో నీటితిత్తులవుతాయి, గొర్రె గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంది. ఇంకో రకం తిత్తులు మనిషి కార్జానికీ ఎక్కుతాయి. అందుకే కుక్కకు ఆరు వారాలకోసారి బరువు లెక్కన బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయిస్తాను, గొర్రెను కోసిన రోజు తలకాయ, కార్జం, ఊపిరితిత్తులు పచ్చివి దానికి వేయకుండా లోతుగా పూడ్చేస్తాను.