గలగలా మాట్లాడితే చాలనుకున్నా

ద్విభాషా బోధనలో మాస్టర్స్, రెండో సెమిస్టర్. రెండు భాషలూ వచ్చు కదా, ఇక చదవడానికి ఏముంటుందిలే అనుకుని చేరాను. (నవ్వకండి.) ద్విభాషా విద్యపై పరిశోధించిన జిమ్ కమిన్స్ 1979లో చూపించిన తేడా దగ్గరే నా ధీమా జారిపోయింది. కబుర్లకు సరిపడా కొత్త భాష పిల్లలకి సుమారు 2 ఏళ్లలో పట్టుబడుతుంది. పాఠం అర్థం చేసుకుని, కారణాలు రాసే భాషకి మాత్రం 5 నుంచి 7 ఏళ్లు పట్టొచ్చు.

ట్రైనింగ్ క్లాసులో ఒక పాప నాతో తెగ మాట్లాడేది. లెక్కల్లో రాత ప్రశ్న రాగానే మౌనం. శ్రద్ధ లేదని నోట్‌బుక్‌లో రాసేశాను కూడా! నిన్న అదే లెక్క తన ఇంటి భాషలో అడిగా. నేను పెన్ను తీసేలోపే జవాబు చెప్పేసింది.

ఆ పేజీ ఇంకా కొట్టేయలేదు. ఉండనీ.