నడుం పట్టేసింది, తప్పు మాత్రం తుంటిది

పోయిన డిసెంబర్లో ఒక ఆదివారం, గోల్ఫ్ ఆడుతుంటే పన్నెండో హోల్‌లో బంతి పడింది, తీసుకుందామని వంగాను, అంతే, మళ్ళీ లేవలేకపోయాను. దాన్ని నొప్పి అని కూడా అనలేను, నడుం చుట్టూ సిమెంటు పోసి ఆరబెట్టినట్టు బిగుసుకుపోయింది. మాతో ఆడుతున్న ముగ్గురూ నేను గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వాలు చూస్తున్నానేమో అనుకుని కాసేపు పలకరించలేదట. చివరికి నా బ్యాగు మోసే కేడీయే వచ్చి చంకలో చెయ్యేసి లేపాడు.

ఇదేమీ ఒక్కరోజులో వచ్చిపడింది కాదు లెండి. ఆరు నెలలుగా ప్రతి రౌండులోనూ తొమ్మిదో హోల్ దాటేసరికి నడుం కింద భాగం గట్టిపడటం, ఇంటికొచ్చాక కారు తలుపు పట్టుకుని ముసలాయనలాగా దిగడం, సోమవారం పొద్దున కూర్చుంటే లేవలేనేమో అన్న భయంతో మీటింగంతా నిలబడే ఉండటం, ఇవన్నీ జరుగుతూనే ఉన్నాయి. నాకు 47. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది నిజాంపేట. గోల్ఫ్ పట్టుకున్నది 43వ ఏట. మా బావమరిది దీన్ని ఇప్పటికీ గోలీలాట అనే అంటాడు. "బావా, గోలీలాడి నడుం విరగ్గొట్టుకున్నవాణ్ణి ప్రపంచంలో నిన్నే చూస్తున్నా" అన్నాడు ఆ రోజు సాయంత్రం, నేను సోఫాలో బోర్లా పడుకుని ఉండగా.

మా అత్తయ్య మాత్రం నవ్వలేదు. ముందు ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టింది, అది బాగానే ఉంది. తర్వాత అపార్ట్‌మెంట్లో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎవరున్నారో వాకబు చేసి, మూడో అంతస్తులో ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పిలుచుకొచ్చి, నా నడుం మీద మూడుసార్లు తన్నించింది. వాడు ఆ పనిని చాలా శ్రద్ధగా చేశాడు. పోయిందా అంటే పోలేదు, కానీ ఆ తర్వాత లిఫ్టులో కనిపించినప్పుడల్లా "అంకుల్, ఇంకోసారి తన్నాలా?" అని అడుగుతున్నాడు.

తర్వాత డాక్టరు, ఎమ్మారై. రిపోర్టులో ఎల్4-ఎల్5 (నడుం కింది రెండు పూసలు) మధ్య డిస్క్, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, కొంచెం ఉబ్బిందని రాశారు. ఆ ఒక్క లైను చదివి రాత్రి రెండింటిదాకా ఫోన్లో వెతికాను, గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్‌కి 2014 నుంచి 2017 లోపల వీపుకు నాలుగు ఆపరేషన్లయ్యాయని, చివరిదాంట్లో రెండు ఎముకలను కలిపేశారని చదివి నాకూ అదే గతి అని ఖాయం చేసుకున్నాను. ఆయన ఆ తర్వాతే 2019లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ గెలిచాడన్నది మాత్రం ఆ రాత్రి కంటికి ఆనలేదు. ఏ నొప్పీ లేని యాభయ్యేళ్ళవాళ్ళకు స్కాన్ తీసినా సగానికి పైగా మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందట. ఈ ముక్క రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ టెన్షన్ తప్పేది.

అసలు సంగతి ముందు కనిపెట్టింది మా కేడీ. మేము ఆడేది గోల్కొండ కోట పక్కన, నయా ఖిల్లా దగ్గర. అక్కడ నాలుగొందల ఏళ్ళు దాటిన బావోబాబ్ చెట్టు ఒకటుంది, హతియాన్ కా ఝాడ్ అంటారు, ఏనుగు లాంటి మాను, పదిమంది చేతులు చాచి పట్టుకున్నా చుట్టు అందదు. రెండు వారాలు ఆట మానేసి, తర్వాత ఊరికే పుటింగ్ (బంతిని మెల్లగా హోల్‌లోకి నెట్టడం) చేద్దామని వెళ్ళినప్పుడు అతను నన్ను నిలబెట్టి చెప్పాడు. "సార్, తప్పుగ అనుకోకుండ్రి. మీరు నడుంతోని కొడుతున్నరు. తుంటి అస్సలు తిరుగుతలేదు. కింద ఆ చెట్టు లెక్క నిలబడి పైన మీద మీదనే తిప్పుతున్నరు." పదిహేనేళ్ళుగా రోజుకు ఒకటో రెండో రౌండ్లు వేరేవాళ్ళ స్వింగులు (క్లబ్బు ఊపి బంతి కొట్టే తీరు) చూసిన కళ్ళవి. నాకు అప్పుడు కొంచెం కోపమే వచ్చింది, ఒప్పుకుంటాను.

వారం తర్వాత కూకట్‌పల్లిలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆమె కూడా సరిగ్గా అదే అంది, కాకపోతే కొలిచి మరీ. నన్ను బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, పాదాలను బయటివైపుకు వదిలేయమంది. కుడికాలు బాగానే వాలింది. ఎడమకాలు సగం కూడా వాలకుండా ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. కుడిచేతి వాటం వాళ్ళు బంతిని కొట్టాక ఒళ్ళంతా ఎడమకాలి మీదికి వచ్చి, ఆ కాలు నేల మీద అలాగే ఉండగా కటి దాని మీద తిరగాలి. ఆ తిరుగుడు ఎడమ తుంటి కీలులో జరగాలి. అది తిరగనంటే స్వింగ్ ఆగదు కదా, చేతిలో డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్బు) ఉంది, వేగం ఉంది, ఆ మిగిలిన తిరుగుడు ఎక్కడో ఒకచోట పడాలి. పడేది పైనున్న నడుం మీద.

నడుమేమో అందుకు పుట్టింది కాదు. అక్కడున్న 5 వెన్నుపూసల కీళ్ళు ముందుకూ వెనక్కీ వంగడానికి అమరి ఉంటాయి, పక్కకు తిరగడమంటే అయిదూ కలిసినా పది పదిహేను డిగ్రీలు, అంతే. తిరగాల్సింది కింద తుంటి, పైన ఛాతీ వెనకున్న 12 వెన్నుపూసలు. రోజుకు పది గంటలు ల్యాప్‌టాప్ మీదికి వంగి కూర్చుని నేను ఆ పై భాగాన్నీ బిగించేసుకున్నాను. పైనా కిందా ఇద్దరూ పని ఎగ్గొడితే మధ్యలోవాడే రెండు షిఫ్టులూ చేశాడన్నమాట. మా టీంలో కూడా అలాంటివాడు ఒకడున్నాడు, పాపం.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. నాలుగూ నలభై అయిదుకు లేవడం, కాఫీ, నలభై నిమిషాలు కారు, ఆరూ పదికి మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) మీద డ్రైవర్ తీసి శక్తికొద్దీ బాదడం. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, పొద్దున మనం ఒక సెంటీమీటరు దాకా పొడుగ్గా ఉండేది కూడా అందుకే. లేచిన మొదటి గంటా గంటన్నరలో అవి బిర్రుగా ఉంటాయి, వంగినా మెలితిప్పినా మిగతా రోజుకంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. ఆ సమయాన్ని నేను ముందు కారు సీట్లో ముడుచుకుని, తర్వాత డిసెంబర్ చలిలో డ్రైవర్‌తో గడిపేవాణ్ణి. ఆమె ఇది చెప్తుంటే నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపించింది.

ఇప్పుడేం చేస్తున్నానంటే, అరగంట ముందు లేచి ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తున్నాను (మా ఆవిడకు ఇది నచ్చలేదు). పార్కింగులో పది నిమిషాలు కాలు ముందుకూ వెనక్కీ ఊపడం, క్లబ్బు భుజాల మీద అడ్డంగా పెట్టుకుని ఛాతీని తిప్పడం, తర్వాత చిన్న వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్బు) సగం స్వింగులు, డ్రైవర్ ఆఖరున. ఎడమ పాదాన్ని కొంచెం బయటికి తిప్పి నిలబడుతున్నాను, దాంతో తుంటికి తిరగాల్సిన భారం కొంత తగ్గుతుంది. బ్యాక్‌స్వింగ్ (కొట్టేముందు క్లబ్బును వెనక్కి ఎత్తడం) కుదించాను, దూరం ఓ పది గజాలు తగ్గినట్టుంది, పోనీ. రేంజ్‌లో (ప్రాక్టీసు చేసే మైదానం) వంద బంతుల బకెట్ ఇరవై నిమిషాల్లో ఖాళీ చేసే పిచ్చి మానేశాను, ఇప్పుడు యాభై, మధ్యలో నీళ్ళు తాగుతూ. హోల్‌లోంచి బంతి తీసేటప్పుడు ఒక కాలు వెనక్కి లేపి పుటర్ (పుటింగ్ చేసే క్లబ్బు) మీద ఆనుకుని వంగుతున్నాను, చూడ్డానికి కొంగలా ఉంటుంది గానీ నడుం వంకర పోదు. నిజానికి నన్ను పడేసింది డ్రైవర్ కాదు, ఆ వంగుడే. పుటింగ్ గ్రీన్ మీద ఇరవై నిమిషాలు ఒంగి నిలబడటం కూడా తక్కువదేమీ కాదు.

ఇంటి దగ్గర రాత్రుళ్ళు నేల మీద కూర్చుని రెండు మోకాళ్ళూ ఒకసారి ఇటు, ఒకసారి అటు వాల్చడం, పక్కకు పడుకుని పిరుదు కండరాలకు పని చెప్పడం. పదిహేను నిమిషాలు. మా నాన్నకు 78, ఇప్పటికీ ఊళ్ళో అరుగు మీద గొంతుక్కూర్చుని గంటసేపు పేపరు చదువుతాడు. నన్ను అలా కూర్చోమంటే మడమలు లేస్తున్నాయి, రెండు నిమిషాలకు వెనక్కి పడుతున్నాను.

అందరికీ ఇదే కారణమని నేననను. నొప్పి మోకాలు దాటి కాల్లోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ముఖ్యంగా మూత్రం, విరేచనం మీద అదుపు పోయినా కాపడాలూ వ్యాయామాలూ అంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. నాకు అలాంటివేవీ లేవు కాబట్టే ఇలా నడిచింది.

నాలుగు నెలలైంది. పద్దెనిమిది హోల్సూ ఆడుతున్నాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారాల్లో పదహారో హోల్ దగ్గర ఇంకా కొంచెం బిగుస్తుంది, అప్పుడు కేడీ ఏమీ అనకుండా నా ఎడమ తుంటి వైపు చూస్తాడు.

పోయిన శనివారం మా బావమరిది రేంజ్‌కి వచ్చాడు, గోలీలాట ఎంత సులువో చూపిస్తానని. కొంచెం కాళ్ళు ఊపరా అంటే వినలేదు. మూడో బంతికి ఒక పెద్ద ఊపు ఊపాడు, బంతి అక్కడే ఉంది, వాడు మాత్రం క్లబ్బు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. సాయంత్రం మా అత్తయ్య మూడో అంతస్తుకు వెళ్ళింది.