ఐదును రెట్టింపు ఎందుకు చేస్తాం?

పోయిన నెల ఊళ్లో మా ఇంటికి ముగ్గు పోశాం. పునాది 45 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు. మూల మట్టంగా రావడానికి మేస్త్రి దగ్గర 3-4-5 లెక్క ఉంది. ఒక తాడు మీద 3 అడుగులు, రెండో తాడు మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య 5 వచ్చేదాకా తాడు జరుపుతాడు. అయితే మూల దగ్గర వెంట్రుకవాసి తేడా ఉన్నా, అవతలి చివరికి వెళ్లేసరికి అది అంగుళమై కూర్చుంటుంది. "క్రాస్ ఎంత రావాలో చెప్పండి బాబూ, టేపుతో ఒకేసారి పట్టేద్దాం" అన్నాడు. క్రాస్ అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే కర్ణం. నా ఫోనేమో ఇంట్లో ఛార్జింగులో ఉంది.

45 వర్గం 2025, 27 వర్గం 729. కలిపితే 2754. దీని వర్గమూలం కావాలి. ఇసుకలో పుల్లతో మొదలుపెట్టాను.

బడిలో నేర్పిన భాగహార పద్ధతి చెయ్యి మర్చిపోలేదు. కుడి నుంచి జతలు కట్టాలి: 27, 54. 27లో 5 అయిదులు 25, శేషం 2. 54 దించితే 254. ఇప్పుడు 5ను రెట్టింపు చేసి 10 రాసి, పక్కన ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీలో 2 పెడితే 102 రెళ్లు 204. శేషం 50.

ఈ రెట్టింపు ఎందుకని ఎనిమిదో తరగతిలో అడిగితే "పద్ధతి అంతే, చెయ్యి" అన్నారు. ముప్ఫై ఏళ్లు అలాగే చేశాను. ఆ రోజు ఇసుకలో చదరం గీశాక గానీ వెలగలేదు. 2754 చదరపు అడుగుల చదరంలో ముందు 50 × 50 తీసేస్తే (పదుల స్థానంలోని 5 అంటే 50 కదా) మిగిలేది 254. దాన్ని పాత చదరానికి అతికించాలి. ఒక్క వైపే అతికిస్తే అది చదరం కాదు కదా! రెండు వైపులా రెండు పట్టీలు వెయ్యాలి, ఒక్కోటి 50 పొడవు. రెట్టింపు అదీ! 50, 50 కలిసి 100. పట్టీ వెడల్పు 2 అయితే 200, మూలలో మిగిలే 2 × 2 ముక్క 4. మొత్తం 204.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో, లెక్కల అధ్యాయమైన గణితపాదం నాలుగో శ్లోకంలో ఈ మాటే చెప్పాడు: ద్విగుణేన వర్గమూలేన, అంటే వచ్చిన మూలానికి రెట్టింపుతో భాగించమని. చదరం బొమ్మ మాత్రం శ్లోకంలో లేదు.

ఇక మిగిలింది 50 చదరపు అడుగులు. ఈసారి పట్టీలు 52 పొడవువి, రెండూ కలిసి 104. అదే పద్ధతిని దశాంశాల దాకా సాగదీయకుండా 50ని 104తో భాగించేశాను: సుమారు 0.48. మూల ముక్కను వదిలేశాను కాబట్టి ఇది రవ్వంత ఎక్కువే. ఇంటికెళ్లి చూస్తే అసలు విలువ 52.4786, నాది 52.4808. తేడా మిల్లీమీటరు కూడా లేదు. పునాదికి అంతకన్నా ఏం కావాలి?

పక్కనే నిలబడిన మా అక్క కొడుకు "మామయ్యా, 27, 45 రెండూ తొమ్మిదో ఎక్కంలోవే కదా! 34 మూలం కట్టి 9తో గుణిస్తే సరిపోయేది" అన్నాడు. నిజమే. వెధవ, ముందే చెప్పొచ్చుగా!

0.48 అడుగు అంటే ఐదు ముప్పావు అంగుళాలు. "యాభై రెండడుగుల ఐదు ముప్పావు" అని అరిచాను. మేస్త్రి టేపు పట్టి చూసి, ఈశాన్యం మూల కొయ్యను అరంగుళం లోపలికి జరిపి కొట్టాడు.