గోనెసంచి కదిలినప్పుడు

ఫోన్ మోగింది. తల వంచుకుని కూర్చున్న ఆ అమ్మాయి వెనకాల గోనెసంచి ఒక్కసారిగా కదిలి దొర్లింది. గుండె ఝల్లుమంది, ఇంకా పూర్తిగా సర్దుకోలేదు.

ఇవాళ చూసింది తకాషి మీకే తీసిన ‘ఆడిషన్’, 1999 నాటి జపాన్ సినిమా. చాలాసేపు భార్య పోయిన ఒక మనిషి మళ్లీ తోడు వెతుక్కునే కథలా నెమ్మదిగా నడుస్తుంది, రక్తపాతమేమీ ఉండదు, అందుకే చివర్లో ఆ అమ్మాయి అతన్ని హింసించే సూదులు బయటికొచ్చేసరికి మనకు వాళ్లిద్దరూ బాగా తెలిసినవాళ్లయిపోయి ఉంటారు, తప్పించుకునే దారి ఉండదు. ఎక్స్‌ట్రీమ్ హారర్, అంటే హింసనూ నొప్పినీ దాచకుండా చూపించే భయానక సినిమాల బలం నాకు అక్కడే కనిపిస్తుంది. మామూలు యాక్షన్ సినిమాలో వందమంది కూలిపోయినా ఏమీ అనిపించదు, ఇక్కడ ఒక్క మనిషి పాదం తెగడం చూసి ఒళ్లు జలదరిస్తుంది. నొప్పికి బరువుంటుంది.

హద్దు దాటినవీ ఉన్నాయి. 1980 నాటి ఇటలీ సినిమా ‘కానిబల్ హోలోకాస్ట్’లో కెమెరా ముందు ఒక పెద్ద తాబేలును నిజంగానే చంపారు. నటుల్ని కూడా చంపేశారేమోనని ఇటలీలో కేసయితే, వాళ్లు బతికే ఉన్నారని దర్శకుడు నిరూపించుకోవాల్సి వచ్చింది. అంతగా నమ్మించడం పెద్ద పనితనమే, ఒప్పుకుంటాను. కానీ ఆ తాబేలుకు అది సినిమా అని తెలియదు కదా! దాన్ని కళ ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు.

మేకప్‌తో, సౌండ్‌తో ఎంత భయపెట్టినా చూస్తాను, రాత్రంతా నిద్ర పట్టకపోయినా సరే. నిజమైన ప్రాణం తీసిన షాట్ మాత్రం ఎవరెంత మెచ్చుకున్నా చూడను.